నాలుగో ఐసు ఫ్యాక్టరీ

బావగారికి నమస్కారం.

మీ వకీలు పంపిన కాగితం చదివాను. నాలుగో ఐసు ఫ్యాక్టరీ మూతపడింది యంత్రం పాడైనందువల్లేననీ, మీ మూడు ఫ్యాక్టరీల వాళ్లూ కూడబలుక్కోవడం వల్ల కాదనీ, మెకానిక్కుగా నేను సంతకం పెట్టాలట.

నా చదువు అయిదో తరగతి. అయినా ఆరోజు మీ హాల్లో విన్న మాటలు మరిచిపోలేదు. "ఊళ్లో కంప్రెసర్ పని తెలిసింది మా బావమరిదికే. వాడు అటు పోకపోతే చాలు, ఆ నాలుగో ఫ్యాక్టరీ ఆవిడ వ్యాపారం దానంతటదే కరిగిపోతుంది" అన్నారు మీరు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. గుమ్మంలో నేనున్నానని ఒకాయన సైగ చేస్తే, "వాడా? నోట్లో నాలుక లేనోడు. ఏం కాదులే" అన్నారు.

యంత్రం ఆగిపోయిందని ఆవిడ రెండుసార్లు కబురు పెట్టినా నేను వెళ్లలేదు. ఆ తప్పు నాదే. రేవులో పడవలవాళ్ల చేపలు కుళ్లిపోతుంటే మీరు ముగ్గురూ ఒక్కసారే రేటు పెంచారు. ఒక ఆడమనిషి అమ్మే ఐసుకు జడిసి ముగ్గురు పెద్దమనుషులు ఏకం కావాల్సి వచ్చింది. మీసాలు దువ్వుకోవడానికి సిగ్గు వేయడం లేదా?

నిన్న ఆవిడ ఫ్యాక్టరీకి వెళ్లి వాల్వు మార్చాను. అరగంట పని. ఐసు గడ్డకడుతోంది.

కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను. అక్కచేత ఫోన్ చేయించకండి. ఆమెకు ఎదురు చెప్పలేను, అందుకని ఫోన్ ఎత్తను.

ఆవిడ మీ మీద వేసిన కేసుకు సోమవారం కోర్టుకు వస్తున్నాను. జడ్జిగారు అడిగితే ఉన్నది చెబుతాను. అడగకపోయినా లేచి చెబుతాను.

మీ బావమరిది