ఐస్ పెట్టెలో ఫోన్ పెట్టకు

డెస్,

మంటల్ని ఎగదోసే వేడి ఉత్తరపు గాలి లేచింది. బండెక్కమని మా ఫైర్ దళం వాళ్ళు పిలిచారు, వెళ్తున్నాను. కొత్త అప్‌డేట్ వేసినప్పటి నుంచి నీ ఫోన్ కాలిపోతోందని, కార్చిచ్చు హెచ్చరికల యాప్ ఉంచి మిగతావి చాలావరకు తీసేశాను. తొడుగు విప్పి వంటింటి గచ్చు మీద, ఫ్యాన్ కింద పెట్టాను. ఛార్జింగ్‌లో ఉండగా వాడకు. శనివారం లాగా ఐస్ పెట్టెలో బీరు సీసాల మధ్య మాత్రం దూర్చకు, చెమ్మ చేరితే ఇక పలకదు. "ఫోన్‌కే నిప్పంటుకుంది, మీ దళాన్ని పిలు" అని ఆ రోజు నవ్వావు. నాకు నవ్వు రాలేదు.

రేడియో కూడా పెట్టి ఉంచు. హెచ్చరిక వస్తే గొర్రెల కోసం ఆగకు. కుక్కను కారులో ఎక్కించుకుని ఊళ్ళోకి వచ్చెయ్.

నిన్న సాయంత్రం నేను చేస్తే ఎత్తలేదు. వచ్చి అడిగితే, వేడికి ఇప్పుడే ఆగిపోయిందన్నావు. ముట్టుకుంటే చల్లగా ఉంది. నువ్వే ఆపావు. ఇల్లు వదిలి రమ్మని మళ్ళీ పోరుతానని కదా?

మార్నీ

ఇంకొకటి. నేను చేస్తే ఎత్తకపోయినా పర్వాలేదు, మోగనివ్వు. అది మోగుతున్నంతసేపూ నువ్వున్నావని అనుకుంటాను.