రెండు ఒడ్లకూ ఒకే పెద్ద

మాతాన్ రేవు తూర్పు ఒడ్డున పైకి పడవలు, చాటున రెల్లు కూటమి నడుపుకుంటూ వచ్చిన కీ సూవెన్ అనే నేను, మనసు స్థిమితంగా, మాట తడబడకుండా ఉన్న స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. మోకాలు పాడైంది గానీ బుద్ధికి లోటు లేదు. ఈ కాగితం కచేరీలో చెల్లదు. పొరపాటున అక్కడికి చేరితే ఇందులో పేరున్న అందరి తలలూ పోతాయి. మన మధ్య చెల్లితే చాలు. దీన్ని రాస్తున్నదీ, రేపు అమలు జరిపేదీ సోయా జున్ను అమ్మే ఫాంగ్ వదిన. ఆమె ఏ ఒడ్డు మనిషీ కాదు, కాబట్టి రెండు ఒడ్లవాళ్లూ ఆమె మాట వింటారు.

ఒకటి. నా తదనంతరం కూటమి పెద్దరికం, దానికి గుర్తైన ఇత్తడి ఉంగరం, పడమటి ఒడ్డు శిష్యురాలు పెయ్ రాన్‌కు సర్వహక్కులతో చెందవలెను.

ఇది వినగానే మావాళ్లు కొందరు లేచి నిలబడతారని తెలుసు. కూర్చోండి. కారణం చెబుతాను.

మా గురువు తన తర్వాత ఎవరో చెప్పకుండానే పోయారు. నేనూ, నా తోటి శిష్యుడు గువో అన్నా ఆ ఉంగరం కోసం కత్తులు దూశాం. నా మోకాలు ఆయన చలవే. ఉంగరం నాకు దక్కింది, కూటమిలో సగం ఆయన వెంట నది దాటిపోయింది. పన్నుల అధికారుల చేతిలో చితికిపోయినవాళ్లను కాపాడడానికి పుట్టిన కూటమి, అప్పటినుంచి తనవాళ్లనే పొడుచుకుంటూ బతికింది. అవతలి ఒడ్డు మనిషి కనిపిస్తే వదలనని ప్రమాణం చేస్తేనే చేర్చుకునేవాళ్లం. వాళ్లూ అంతే.

నిరుడు వానాకాలంలో సైనికులు పడమటి ఒడ్డు స్థావరాన్ని చుట్టుముట్టారు. గువో అన్న జబ్బుతో మంచంలో ఉన్నాడు. పెయ్ రాన్ వరద నీళ్లలో పట్టపగలు ఈదుకుంటూ వచ్చి మా వాకిట్లో నిలబడింది. నా పెద్ద శిష్యుడు లూ దాషాన్ ఆమె గొంతు మీద కత్తి పెట్టాడు.

"చంపాలంటే తర్వాత చంపుదువుగాని అన్నా, ముందు పడవలు విప్పు. అక్కడ పసిపిల్లలున్నారు" అంది ఆ పిల్ల. కత్తి వైపు చూడనైనా లేదు.

దాషాన్ నా వైపు చూశాడు. "విప్పు" అన్నాను.

"ఇది ఉచ్చేమో గురువుగారూ."

"అయితే అందరం కలిసే పడదాం."

సణుగుతూనే మొదటి పడవ వాడే తీశాడు. స్థావరం వెనక రెల్లుపొదల్లోంచి పిల్లాజెల్లా అందరినీ దాటించాం. గువో అన్నను వీపు మీద మోసుకొచ్చింది కూడా దాషానే. అన్ని ఏళ్ల తర్వాత ఆయన నన్ను చూసి అన్న మొదటి మాట, "ముసలిదానివైపోయావు చెల్లీ." నువ్వేదో పెళ్లికొడుకులా ఉన్నట్టు, అన్నాను.

చలికాలంలో కన్నుమూసేదాకా నా ఇంట్లోనే ఉన్నాడు. నా వంటలో ఉప్పు తక్కువని రోజూ గొణిగాడు, రోజూ గిన్నె ఖాళీ చేశాడు. పగలు పెయ్ రాన్‌ను పెరట్లో నిలబెట్టి ఆయనకు తెలిసిన కత్తి వరసలు ఆయన, నావి నేను నేర్పాం. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల రెండూ ఆపకుండా కలిపి ఆడింది. ఆయన వరస ఎక్కడ వదిలేస్తే నాది అక్కడ అందుకుంది. గురువు మా ఇద్దరికీ నేర్పింది ఒకే విద్య, చెరి సగం అని అప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి ఉంటామనే ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. ఆ విద్య మొత్తం ఉన్న మనిషి ఇప్పుడు ఒక్కతే. పెద్దరికం ఆమెకు ఇందుకే.

రెండు. నా ఇల్లు, పడవలు, రేవు మీద నాకున్న హక్కు, నా కత్తి, లూ దాషాన్‌కు. నాయనా, ఉంగరం నీదే అనుకున్నావు, నాకు తెలుసు. నువ్వు పనికిరావని కాదు. ఇద్దరు యోగ్యులుంటే ఒకరిని ఎంచకుండా పోవడం ఎంత చేటో చూశాను, అందుకే ఎంచాను. నాకు ఎదురు చెప్పే ధైర్యం నీ ఒక్కడికే ఉండేది. ఆమెకూ చెప్పు. చెప్పాక పక్కనే నిలబడు.

మూడు. సైనికులకు దారి చూపించింది నా మేనల్లుడు కీ షావ్. వాడికి ఏమీ లేదు, నా శవం దగ్గరికి కూడా రానివ్వకండి. వాడి కూతురు షియావ్‌హేకు నా దూది కోటు ఇవ్వండి. కోటు చేతులు పొడుగు, పొడుగు చేసుకోవాలి... కాదు, మడిచి కుట్టాలి. ఫాంగ్ వదినా, నేను తడబడిన ఆ మాట కొట్టేయకు, అలాగే ఉండనీ. ఆ పిల్ల విద్య నేర్చుకుంటానంటే, ఎవరి కూతురని ఎవరూ అడగకూడదు.

నాలుగు. ప్రమాణంలోంచి అవతలి ఒడ్డు మాట ఈ రోజుతో తీసివేయడమైనది.

అయిదు. నన్ను గురువు పక్కన పూడ్చండి. గువో అన్న ఆయనకు అటుపక్క ఉన్నాడు, నేను ఇటు. మధ్యలో గురువు ఉంటే పోట్లాడుకోం.

సంతకానికి ముందు ఇదంతా దాషాన్‌కు చదివి వినిపించాం. వాడు గంజి తాగి, గిన్నె కడిగి బోర్లించి, పెయ్ రాన్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"ఎండలున్నప్పుడే పడవలకు నూనె పట్టించాలి, నాయకురాలా. మనుషుల్ని మీరు పురమాయిస్తారా, నన్ను చూసుకోమంటారా?"

"కలిసే చేద్దాం అన్నా" అంది ఆమె.

నేను నిశ్చింతగా వేలిముద్ర వేస్తున్నాను.

జల సర్ప సంవత్సరం, తొమ్మిదో నెల, పున్నమి.

కీ సూవెన్ (వేలిముద్ర)

సాక్షులు:
తూర్పు ఒడ్డు, వలలు అల్లే ఞీ బోషెంగ్
పడమటి ఒడ్డు, మంత్రసాని చూ లాన్‌యీ