ఆదివారం చెరుకు బండి

బాపూ, నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను.

నిన్న ఆదివారం. బోధన్ ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్ల వరసలో ఉన్నాను. నా వెనక బండి ఎవరిదో తెలుసా? ఆదివారం చెరుకు నరకడం పాపమని నన్ను వెలేసిన మన చర్చి సంఘపెద్దది!

"ఫ్యాక్టరోళ్లు పర్మిట్ ఇయ్యాల్టికే ఇచ్చిండ్రు బిడ్డా. ఏం జెయ్యాలె, ఆగితే చెరుకు ఎండిపోతది" అన్నాడు. ఆనాడు నేను ఆయన కాళ్లు పట్టుకుని చెప్పింది సరిగ్గా ఇదే.

కాసేపటికి దాహమన్నాడు. నా చెంబు అందుకుని గటగటా తాగేశాడు.

వెలేసినవాడి చేతి నీళ్లు ముట్టొద్దని మనవాళ్లకు చెప్పిందీ ఆయనే. ఆ మాట కోసం, నీ చివరి రోజు పెదవులు ఎండిపోతున్నా, నేను నీళ్లు పడితే నువ్వు మొహం తిప్పుకున్నావు.

అదే చెంబు, బాపూ.