దూరపు బంధువు

మార్చి 3, సోమవారం

ఆఫర్ లెటర్ వచ్చింది. ఏప్రిల్ 21న చేరాలట. అక్కడ కూడా ఇదే పని, పళ్ల సెట్లు చేయడం. పదకొండేళ్లుగా ఈ ల్యాబ్‌లో కూర్చుని, మొహం కూడా చూడని వాళ్ల నోళ్లకి మైనంలో పళ్లు చెక్కుతున్నాను. ఇకమీదట వేరే దేశం నోళ్లకి చెక్కుతాను. మా మేనేజర్ లెటర్ రెండుసార్లు చదివి, నీకేం తల్లీ, పళ్లు ఎక్కడైనా ముప్పై రెండే అన్నాడు. తర్వాత పాత దరఖాస్తుల ఫైలు ముందేసుకున్నాడు. మనిషిని వెతుక్కోవాలి కదా పాపం.

ఇంట్లో మా చెల్లి, చిన్నది, లెటర్ లాక్కుంది. మూడో లైన్లో కామా పడలేదంది ముందు. ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు, మందుల చీటీ చేతికిచ్చినా పెన్సిల్ తీస్తుంది. కామా సంగతి తేల్చాకే నా మెడ పట్టుకుని వేలాడింది. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా ఆ వేలాడటం మానదు.

ముందు నేను వెళ్లాలి. రెండేళ్లకి దాన్ని పిలిపించుకోవాలి. అక్కడ తోబుట్టువుల్ని పిలిపించుకోవచ్చు. ఇదీ మా ఇద్దరి ప్లాన్. అందుకే అక్కడి భాష అది కూడా నా పుస్తకంలోనే నేర్చుకుంటోంది.

మార్చి 8, శనివారం

భాష క్లాసులో ఇవాళ కుటుంబం పాఠం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎంతమందని టీచరు ఒక్కొక్కరినీ అడిగింది. అన్నలు నలుగురు, తమ్ముళ్లు ముగ్గురు, చెల్లెళ్లు ఐదుగురు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మీ అమ్మగారికి ఓపిక ఎక్కువేనండీ అంది. క్లాసంతా నవ్వారు. పెదనాన్న పిల్లలు, పిన్నుల పిల్లలు అని విడమరిచి చెప్పాను. వాళ్లంతా కజిన్సే, ఆ భాషలో అందరికీ ఒకటే మాట అని బోర్డు మీద రాసింది. అన్న లేడు, బావ లేడు, మరదలు లేదు. అందరినీ ఒకే గంపలో వేసేశారు.

ఇంటికొచ్చి చిన్నదానికి పాఠం అప్పజెప్పాను. నాకంటే దానికే తొందరగా పట్టుబడుతోంది, కుళ్లుగా ఉంది. ఆ ఒక్క మాట మాత్రం దానికి చెప్పలేదు.

మార్చి 12, బుధవారం, మధ్యాహ్నం 2

వీసా ఫారం పంపేశాను. ఇరవై రెండు పేజీలు. వేళ్లు లాగేస్తున్నాయి.

మార్చి 24, సోమవారం

వీసా వాళ్ల దగ్గర్నుంచి కాగితం వచ్చింది.

తోబుట్టువులు అన్నచోట చెల్లి ఒకరు అని రాశాను. ఆలోచించి రాయలేదు, చెయ్యి దానంతటదే రాసేసింది. రికార్డుల్లో మా అమ్మకి నేనొక్కదాన్నే. మీ సొంత చెల్లెలైతే రుజువు పంపండి, కాకపోతే సంజాయిషీ ఇవ్వండి, రెండూ లేకపోతే తప్పుడు సమాచారం కింద ఐదేళ్లు అప్లై చేసే వీల్లేదు అని రాశారు.

చిన్నది మా పిన్ని కూతురు. దానికి నాలుగేళ్లప్పుడు పిన్ని పోతే అమ్మ తీసుకొచ్చేసింది. బాబాయి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. వచ్చిన నెలకే పెద్దమ్మా అనడం మానేసి అమ్మా అని పిలిచింది. మళ్లీ ఎప్పుడూ ఆ పాత పిలుపు పిలవలేదు. నా పక్కలో పడుకుని నా దుప్పటంతా లాక్కునేది. నాన్న పోయినప్పుడూ, మూడేళ్ల కిందట అమ్మ పోయినప్పుడూ ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. దత్తత కాగితం రాయించాలని ఎవరికీ తట్టలేదు. ఇంట్లో పిల్లకి కాగితమేంటి?

సొంత చెల్లెలేనా అని అడిగిన ప్రతివాళ్లతోనూ చిన్నప్పుడు పోట్లాడేదాన్ని. ఒకసారి పక్కింటావిడ చెయ్యి కొరికాను కూడా.

ఈ కాగితం సంగతి దానికి చెప్పలేదు.

మార్చి 26, బుధవారం

కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాను. కజిన్ అని దిద్దుకోవచ్చు మేడమ్, కలిసి పెరిగిన కజిన్‌ని కూడా తర్వాత పిలిపించుకోనిస్తారు, కాకపోతే ఆవిడ బర్త్ సర్టిఫికెట్, వాళ్లమ్మగారి డెత్ సర్టిఫికెట్, తల్లులిద్దరూ అక్కచెల్లెళ్లన్న రుజువు, అన్నీ తెప్పించాలి, నెలన్నర పట్టుద్ది అన్నాడు. అంటే 21 దాటిపోయినట్టే.

ఇంకో దారి ఉందన్నాడు. దూరపు బంధువు, దిక్కులేక మా ఇంట్లో ఆశ్రయం ఇచ్చాం, చనువు కొద్దీ చెల్లి అని రాశాను అని ప్రమాణ పత్రం ఇచ్చేయండి, ఇంకేమీ అడగరు అన్నాడు. మరి రేపు దాన్ని పిలిపించుకోవాలంటే అన్నాను. ఏమీ కాదని ప్రమాణం చేశాక ఏమని పిలుస్తారు మేడమ్, ఆ తలుపు మూసుకున్నట్టే అన్నాడు.

ఒక నెల గడువివ్వమని అక్కడి ల్యాబ్‌కి మెయిల్ పెట్టొచ్చు. పెట్టలేదు. కుదరదంటే? వేరే మనిషిని తీసుకుంటే? పదకొండేళ్ల ప్లాస్టర్ దుమ్ము కళ్లముందు తిరిగింది. ఆలోచించుకుని రేపు చెప్తానని లేచాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, దూరపు బంధువు అనే రాయండి అన్నాను. రేపటిదాకా కూడా ఆగలేకపోయాను.

మార్చి 31, సోమవారం, ఉదయం 8

ఆ పత్రం మీద చిన్నదాని సంతకం కూడా కావాలి, ఇందులో రాసిందంతా నిజమేనని.

కాగితాన్ని పైనుంచి మడిచి, కింద ఖాళీ మాత్రం కనపడేలా పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అడ్రస్ ప్రూఫ్‌కే, ఇక్కడ పెట్టు అన్నాను. అది గిన్నెలు కడుగుతోంది. తడి చేతులు నా భుజానికే తుడుచుకుని సంతకం పెట్టేసింది. చదవలేదు. నేనిచ్చానని చదవలేదు. ఇంకా ఎక్కడైనా పెట్టాలా అక్కా అంది.

భుజం ఇంకా తడిగానే ఉంది. నా మొహాన ఉమ్మేసినా బాగుండేది.

ఏప్రిల్ 3, గురువారం

నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి చిన్నది నా ఫైలంతా సర్దేసింది. నంబర్లు వేసింది, ముందు విషయసూచిక కూడా పెట్టింది. అచ్చుకి వెళ్లే పుస్తకంలా ఉంది. నేను తెరిచి చూడలేదు, సంచిలో పెట్టేసుకున్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం, ఉదయం 11

కన్సల్టెంట్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. వచ్చేపోయేవాళ్లు కాళ్లు అడ్డం తీయమంటున్నారు.

అతను కాగితాలు తిప్పుతూ తొమ్మిదో దాని దగ్గర ఆగి, ఈ గీతేంటి మేడమ్ అన్నాడు. ప్రమాణ పత్రం. విడిగా దాచాననుకున్నాను. దాచిన కవరునే మిగతా వాటితో కలిపి దాని చేతికిచ్చాను, బుద్ధిలేనిదాన్ని.

టైపిస్టు దూరపు అనే మాటని దురపు అని కొట్టాడు. నేను నాలుగుసార్లు చదివినా కళ్లబడలేదు. ఆ మాట కింద సన్నటి పెన్సిల్ గీత ఉంది. మార్జిన్‌లో చిన్నగా దూ అని ఉంది. అది చిన్నదాని చేతిరాత.

చదివింది. చదివి, దిద్దింది. దిద్ది, నంబరు వేసి, వరసలో పెట్టింది. దిక్కులేక అన్న మాట కింద గీత లేదు, అందులో అక్షరదోషం లేదు.

ఎవరివోగానీ మంచి కళ్లండీ అని మెచ్చుకుంటూ కన్సల్టెంట్ రబ్బరుతో గీత తుడిచేసి, పెన్నుతో దీర్ఘం పెట్టాడు. అప్పుడైనా ఆ కాగితం అతని చేతిలోంచి లాక్కోవచ్చు. రసీదు తీసుకుని బయటికొచ్చాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా మెట్లెక్కి వెనక్కి వెళ్లడం లేదు.

ఏప్రిల్ 5, శనివారం

చిన్నది కూర్చుని నా చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టింది.

ఏప్రిల్ 9, బుధవారం

ల్యాబ్‌లో ఒక పెద్దాయన సెట్టుకి కుడి కోరపన్ను ఎడమవైపు పెట్టాను. చేరిన కొత్తలో కూడా చేయని తప్పు. మేనేజర్ సెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, మనసు అప్పుడే విమానం ఎక్కేసిందా అన్నాడు. మైనం కరిగించి మళ్లీ మొదట్నుంచీ చేశాను.

ఇంట్లో దాని మొహం చూసే ధైర్యం లేక వాకిట్లో చెప్పులు విప్పడానికే పది నిమిషాలు చేస్తున్నాను.

ఏప్రిల్ 12, శనివారం, సాయంత్రం 5

అడిగేశాను. పెట్టె సర్దుతున్నాం, దాని చేతిలో నా స్వెట్టర్ ఉంది. ఆ కాగితం చూశావు కదా అన్నాను. చూశా, దీర్ఘం మింగేశారు వెధవలు, నువ్వెలా చూసుకోలేదే అంది. అది కాదు చిన్నీ అన్నాను. ఇంకేం తప్పుల్లేవులే అని స్వెట్టర్ మడిచింది.

తిట్టలేదు. తిడుతుందని ఎంత ఆశపడ్డానో. కాళ్లమీద పడదామనుకున్నాను, మధ్యలో పెట్టె అడ్డం ఉంది. ఇలాంటి సాకులు నాకు భలే దొరుకుతాయి.

భాష పుస్తకం కూడా పెట్టెలో పెట్టేసింది. నీకొద్దా అన్నాను. వెళ్లేది నువ్వు కదా, నాకెందుకు అంది. మాటలో కోపం లేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

వీసా వచ్చింది.

చేరడానికి రెండు రోజులు ఆలస్యమవుతుందేమో అని అక్కడి ల్యాబ్‌కి మెయిల్ పెట్టాను. గంటలో జవాబు. కంగారేమీ లేదు, ఇంటి పనులు తేలకపోతే ఇంకో రెండు నెలలు తీసుకోండి అని.

చిన్నదానికి చూపించలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం, ఉదయం 10, ఎయిర్‌పోర్టు

ట్యాక్సీ డ్రైవరు దారంతా వాగుతూనే ఉన్నాడు. అద్దంలో మా ఇద్దర్నీ చూసి, ఆవిడ మీ అక్కగారా అండీ, పోలికలు తెలిసిపోతున్నాయి అన్నాడు.

కాదండీ, మా పెద్దమ్మ కూతురు అంది చిన్నది.