భోజనాల హాల్లో పట్టిన కొండ

పుణె, ఆదివారం

అప్పకు, నీ చెల్లెలు పార్వతి నమస్కారాలు.

నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ బావా పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అరసవల్లిలో మీ చేపల బేరం బాగుందా? మొన్న ఫోనులో "ఉద్యోగం ఉంటుందో పోతుందో" అని పెట్టేశాను. బెంగపడి ఉంటావు. అందుకే అంతా రాస్తున్నాను.

ఇక్కడ వాన వదలడం లేదు, బట్టలు ఆరవు. చపాతీలు అలవాటయ్యాయి గాని ఎండు నెత్తళ్ల చేపల మీదే మనసు. ఎవరైనా ఇటు వస్తే కాసిని పంపు.

కొండ జారే ముందే కింద ఊరిని హెచ్చరించే పెట్టెలు మా కంపెనీ చేస్తుంది. కొండంతా వందల పెట్టెలు పాతాలి. వైర్లుండవు. ఒకటి పక్కదానికి, అది ఇంకోదానికి చెబుతూ కబురు ఊరికి చేరాలి. అన్ని పెట్టెలూ ముందే కొండ మీద పాతి పరీక్షించే స్తోమత మాకు లేదు. కంప్యూటర్లోనే ఉత్తుత్తి పెట్టెలు నడిపి బాగుందన్నారు. "అసలు పెట్టెలతో చూడకుండా పంపొద్దు సార్" అన్నాను. "డబ్బు నువ్వు తెస్తావా?" అని మా పై సారు కసురుకున్నారు. నీకు ఫోను చేసింది ఆ రోజే.

నా గదిలో ఉండే గౌరిది సాలూరు, ఉద్యోగం కూడా నాతోనే. "ఒసే, మనకున్నయి ఇరవై పెట్టెలే. కొండనే కుదించేస్తే ఏటవుతాది?" అంది. నిజమే అనిపించింది. పక్క పెట్టెకు తప్ప వినబడనంతగా వాటి సిగ్నల్ తగ్గించి, భోజనాల హాల్లో పరిచాం. మిగతా వందలూ కంప్యూటర్లోనే ఉంచి, వీటితో కలిపాం. ఖర్చు లేదు.

నాలుగు రోజులు అందరూ గోడల వారగా తిన్నారు, అన్ని కబుర్లూ చేరాయి. సారు నన్ను చూసి నవ్వారు. సిగ్గేసింది. ఐదో రోజు భోజనాల వేళ చోటు చాలక జనం పెట్టెల మధ్య కూర్చోగానే కబుర్లు ఆగిపోయాయి. గౌరి స్క్రీన్ చూసి అరిచింది.

"ఓలమ్మా! ఊరికి సెప్పడం మానేసి ఆటిలో అవే సెప్పుకుంతన్నాయి, సూడు!"

దారికి మనుషులు అడ్డమయ్యేసరికి రెండు పెట్టెలు ఒకే కబురును అటూ ఇటూ తిప్పుకుంటున్నాయి. కొండ మీద తడిసిన చెట్టు పడినా ఇంతే కదా! సారు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వెళ్లబోయే సరుకు ఆపించారు.

సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. నిన్న కావాలని అందరినీ మధ్యలో తిప్పాం. ఒక్క కబురూ తప్పలేదు.

వచ్చే వారం ఆ పెట్టెల్ని కొండ మీద పాతడానికి సారు నన్నూ గౌరినీ పంపుతున్నారు. అమ్మకు మెల్లగా చెప్పు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన కావాలి.

కొండ కింది ఊళ్లోనే బస అప్పా. వాన పడుతున్నా నిద్ర పడుతుంది.

నీ చెల్లెలు
పార్వతి