పాత కొలత

అక్కా,

సెలవులకి బుడ్డదాన్ని నీ దగ్గరికి పంపుతున్నాను. గుమ్మంలో చూడగానే "మళ్ళీ ఇలా అయిపోయావేమే" అనకు, నీకు దండం పెడతాను. పోయినేడు ఆస్పత్రివాళ్ళు చెప్పినట్టు నోరు కట్టుకుని తగ్గించుకున్న ఒళ్ళంతా తిరిగొచ్చేసింది. వంటింటికి తాళం కూడా వెయ్యొద్దు. అది తింటున్నది మొండితనంతో కాదక్కా. బరువు తగ్గాక ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుందట, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయట. పోయిన బరువు కోసం ఒళ్ళే పోట్లాడుతుందని, పిల్ల తప్పేం లేదని డాక్టరమ్మ చెప్పింది. కంచం కడిగొచ్చి "ఇంకా ఆకలేస్తోందమ్మా" అని అది సిగ్గుపడుతూ అంటోంది.

సన్నబడ్డప్పుడు దాని గౌన్లన్నీ బిగించి కుట్టి, మిగులు గుడ్డ కత్తిరించి పారేశాను. ఇన్నేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ కుడుతున్నదాన్ని, తర్వాత విప్పి వదులు చేసుకోడానికి కుట్టు లోపల గుడ్డ వదలాలని నాకు తెలియనిదా? ఇక అక్కర్లేదనుకున్నాను. ఇప్పుడు ఒక్కటీ పట్టడం లేదు.

నిన్న ఈ ప్రయాణానికే కొత్త గౌను కుడుతుంటే, మిషను పక్కకొచ్చి నిలబడింది. కాసేపు చూసి మెల్లగా అంది:

"అమ్మా, ఈసారి లోపల గుడ్డ ఎక్కువ వదులు. నేను సన్నబడినా కత్తిరించకు."

నీ చెల్లి