మామయ్యగారి నోట్‌బుక్

అక్టోబర్ 12, ఆదివారం, మిల్టన్

పక్కింటి హైదర్‌ది బస్రా అని తెలుసు. అయినా భోజనానికి పిలిచి, విస్తరి ముందు కూర్చోబెట్టి మరీ మొదలుపెట్టారు మామయ్యగారు. "మీ నేల కింద అంతా ఆయిలే. అయినా ఎందుకు బాగుపడలేదయ్యా? మీవాళ్లు పని నేర్చుకోరు. మీ అరబ్బు దేశాల రిఫైనరీల్లో పాతికేళ్లు చేశాను, నాకు తెలీదా?"

యుద్ధాలు, పాలకులు, బయటి కంపెనీలు అంటూ నేనేదో సర్దిచెప్పబోయాను. హైదర్ మాత్రం పప్పన్నం కలుపుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "ఆ పాతికేళ్లలో మీరు ఎంతమందికి నేర్పారు అంకుల్?"

మామయ్యగారు పెరుగు వడ్డించమన్నారు.

నేనిచ్చిన పులిహోర డబ్బా పట్టుకుని అతను వెళ్లాక వంటింట్లోకి వచ్చి ఎంత మామూలుగా చెప్పారో! "నేర్పితే మన కాంట్రాక్ట్ రెన్యూ చేస్తారా అమ్మా? మెషిన్ సెట్టింగులన్నీ నా నోట్‌బుక్‌లోనే ఉంచుకునేవాణ్ణి. అక్కడ మనవాళ్లందరూ అంతే."

ఒళ్లు మండిపోయింది. గట్టిగా అనేద్దామని నోరు తెరిచాను. ఎదురుగా హాలు గోడ మీద మా ఆయన ఇంజనీరింగ్ పట్టా. ఆ రెన్యువల్స్‌తో చదివిన చదువే అది. గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.

రేపు హైదర్ పులిహోర డబ్బా తిరిగివ్వడానికి వస్తాడు. అతని ప్రశ్నకు జవాబు తెలిసి కూడా తలుపు తీయాల్సింది నేనే.